తరుగు

మూడు వారాలల్ల చెప్తమన్నరు.
ఇయ్యాల్టికి ఇరవై రెండొద్దులు.

ఫోను బల్ల మీద బోర్లేసి పెట్టిన.
పిల్లి పాలగిన్నెను చూడనట్టే చూస్తది సూడు,
గట్ల నేను దాని దిక్కు చూస్తలేను.

ఎనుమాముల యార్డుల మిర్చి సీజను.
బాపు కంటె ముందు బాపు తుమ్ము ఇంట్లకొస్తది.
అంగీ విప్పి దండెం మీద ఏస్తె
ఇల్లంత ఘాటు.
ముక్కు తుడుచుకుంటనే అడుగుతడు:
"వచ్చిందా?"
"రాలే."
ఇరవై రెండొద్దులసంది
మా ఇద్దరి ముచ్చట ఈ రెండు ముక్కలే.

ఆ దినం కాజీపేటల పుష్‌పుల్ ఎక్కిన.
అక్క చీర, ఆరు పిన్నీసులు,
సంచిల చాక్‌పీసుల డబ్బా,
అక్కడ ఉంటయో ఉండయో అని.
పోయి చూస్తె బోర్డే తెల్లగున్నది.

ఐదు నిమిషాల పాఠం చెప్పుమన్నరు.
పెద్దమనుషులు నలుగురు
నాలుగో తరగతి పిల్లలోలె కూసున్నరు.
నాకు తెల్సిన లెక్క చెప్పిన:
నలభై కిలోల బస్తా, కాంటా మీద కిలో తరుగు,
యాభై బస్తాలు తెచ్చిన రైతుకు ఎంత పోయె?
కళ్లద్దాల మేడం "తరుగంటే?" అన్నది.
తేమకు, తాలుకు, గోనెసంచి బరువుకు,
ఆఖరికి అడిగేటోడు లేనందుకు
తీసేసేది మేడం, అన్న.
ఆమె ఏదో రాసుకున్నది.
ఏం రాసుకున్నదో,
రాత్రిపూట ఆ కాయితాన్ని
నేను వంద తీర్ల చదువుతున్న.

నూటికి ఆరుగురినే తీసుకుంటరంట.
ఆరు పోంగ తొంభై నాలుగు.
గింత తరుగు మా బాపు కాంటాల సుత లేదు.

ఆఖరుకు తెల్లగడ్డం సారు అడిగిండు:
"ఎన్నిసార్లు అడిగినా పిల్ల పలకకపోతే?"
మల్ల చెప్తనన్న.
"అయినా పలకకపోతే?"
నాకు నోరు రాలే.
ఏసీ చప్పుడు ఇనవడ్డది.
ఎవలో నీళ్ల సీసా మూత తిప్పిన్రు.
నలుగురు నా దిక్కే చూసుకుంట, తొందరవెట్టకుంట
కూసున్నరు.
ఆ గదిల పలకని పిల్లను నేనే అయిన.

సాయంత్రం ట్యూషన్‌కు పదకొండు మంది.
బానోతు రేణుక అందరికంటె ఎనుక, గోడకానుకొని.
వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీల మిర్చి తొడిమెలు తీస్తది.
"ఏడు తొమ్మిదులు ఎంత?" అని అడిగి
ఎప్పటోలెనే పక్క పిలగాని దిక్కు తిరిగిన.
తిరిగినంక ఎరుకైంది తిరిగిన్నని.
ఈ పిల్లకు నేనిచ్చింది ఎంత?
ఒక్క తుమ్మంత సేపు.

మల్ల రేణుక దిక్కు మర్రిన. నిలవడ్డ.
బల్లి గోడ మీద జానెడు జరిగింది.
బయట కుక్కర్ రెండుసార్లు కూసింది.
పిల్లలు కిసకిస నవ్వితె కండ్లతోనే ఆపిన.
రేణుక బొటనేలితోని బండను గీకుకుంట
పెదవులల్లనే, వాళ్లింటి గోర్‌బోలిల
ఏదో లెక్కవెట్టి, మల్ల తెలుగుల మోసుకొచ్చి
"అరవై రెండు" అన్నది.

తప్పే.
జూన్‌సంది నా ముందట పలికిన మొదటి అంకె.

"ఒకటి యాడ పోయిందే?" అన్న.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని
"కాంటాల" అన్నది.

అందరం ఒక్కసారే నవ్వినం.
గప్పుడే బల్ల మీద ఫోను గుర్రుమన్నది.
పదకొండు మంది గమ్మునయిన్రు, వాళ్లకు సుత ఎరుకే.
తీసి చూసిన.
రీచార్జి ఎల్లుండితోని అయిపోతదంట.
మల్ల బోర్లేసిన.

రాత్రి తుమ్ము వచ్చింది, ఎనుకనే బాపు.
"వచ్చిందా?"
"రాలే."
చెంబుల నీళ్లిచ్చుకుంట ఇంకో మాట కలిపిన:
"రేణుక పలికింది బాపూ, ఇయ్యాల."

కాళ్లు కడుగుతందుకు లేవబోయినోడల్ల
మల్ల గడప మీద కూసుండి
"ఎవల బిడ్డ?" అన్నడు.